అమ్మ వీలునామా చూపించి నాన్నగారి ఇంట్లో మాకు వాటా లేదంటున్నారు

ప్రశ్న: తెనాలి ఆడపడుచు

పెద్దలందరికీ నమస్కారం. విషయం కొంచెం పొడుగైనది, ఓపికగా చదివి సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

మా నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. 1978లో తెనాలిలో 5 సెంట్ల స్థలం కొని తన పేరున రిజిస్టరు చేయించుకున్నారు. 1984లో జీతం మీద ఇంటి అప్పు తీసుకుని డాబా వేశారు. స్థలానికి కట్టిన సొమ్ములో కొంత, తాతగారి నుంచి తన వాటాకు వచ్చిన ఎకరం పొలం అమ్మగా వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు. తాతగారు 1969లో, నాయనమ్మ 1994లో పోయారు. నాన్నగారు 2011 ఫిబ్రవరిలో ఏ కాగితమూ రాయకుండానే కాలం చేశారు. అమ్మ 2023లో పోయింది. మేము ముగ్గురం పిల్లలం: అక్క, అన్నయ్య, నేను. అక్క పెళ్లి 1982లోనూ, నా పెళ్లి 1991లోనూ జరిగాయి. అక్క ఇప్పుడు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

అన్నయ్య మొదటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. 2016లో తన డబ్బుతో పై అంతస్తు వేసి అద్దెకిచ్చాడు. ఆ అద్దె గురించి మేము ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే అమ్మను చూసుకున్నది అన్నయ్య, వదినలే. అమ్మ ఉన్నంతకాలం పండుగలకు వెళ్లి వస్తూనే ఉన్నాము. పోయిన నెల మా చుట్టాలబ్బాయి ఒకరు ఫోను చేసి, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడానికి అన్నయ్య ఒక బిల్డరుతో డెవలప్‌మెంట్ ఒప్పందం మాట్లాడుకుంటున్నాడని చెప్పారు. వెళ్లి అడిగితే అన్నయ్య నాలుగు మాటలు చెప్పాడు. స్థలం తాతగారి పొలం డబ్బుతో కొన్నది కాబట్టి పిత్రార్జితమని, 1985కు ముందే పెళ్లయిన అక్కకు దానిలో హక్కు లేదని ఒకటి. మా ఇద్దరికీ పెళ్లిళ్లలో పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశారని మరొకటి. 2012లో మేమిద్దరం వాటా వదులుకుంటూ సంతకాలు పెట్టామని మూడోది. ఆ సంతకం నాకు గుర్తుంది. మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్చాలంటే అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలన్నాడని, చదవకుండానే పెట్టాము. ఇక నాలుగోది, అమ్మ 2021 ఫిబ్రవరిలో ఇల్లు మొత్తం మనవడి పేరున వీలునామా రాసి రిజిస్టరు చేయించిందని. అమ్మకు 2019లో పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. రిజిస్ట్రారుగారే ఇంటికొచ్చారట. మాకు ఆ సంగతే తెలియదు.

అన్నయ్యతో కోర్టుకెక్కాలని నాకు లేదు. కానీ ఇల్లు పడగొట్టేశాక చేయగలిగింది ఏమీ ఉండదేమోనని భయంగా ఉంది. అమ్మ వీలునామా రాసిందంటే మా పని అయిపోయినట్లేనా?


జవాబు: గుంటూరు వకీలు

అమ్మా, కాగితాలు చూడకుండా చెబుతున్న మాట ఇది, కాబట్టి దీన్ని పట్టుకుని నేరుగా దావాకు వెళ్లకండి. అయితే మీరు చెప్పిన తారీఖులు చాలావరకు స్పష్టంగా ఉన్నాయి కనుక కొంత గట్టిగానే చెప్పవచ్చు.

మీరందరూ వీలునామా దగ్గర ఆగిపోయారు. దానికంటే ముందు తేలవలసింది, అమ్మగారు ఆ వీలునామా రాసే నాటికి ఆ ఇంట్లో ఆమెకు ఎంత ఉంది అన్నది. ఎవరైనా తనకున్నదే రాసివ్వగలరు. ఇల్లు నాన్నగారి పేరున ఉన్నది. ఆయన 2011లో వీలునామా లేకుండా పోయారు. ఆ క్షణాన, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ఆయన సొంత ఆస్తి మొదటి తరగతి వారసులకు సమానంగా దిగుతుంది. నాయనమ్మగారు అప్పటికే లేరు కాబట్టి ఆ వారసులు నలుగురు: అమ్మగారు, అక్క, అన్నయ్య, మీరు. తలా పావు. ఇది ఎవరూ దస్తావేజు రాయకపోయినా, ఎవరూ కోర్టుకు వెళ్లకపోయినా జరిగిపోయిన పని. కనుక 2021లో అమ్మగారు ఎంత గట్టిగా, ఎంత మంది సాక్షుల ఎదుట రాసినా ఆమె పావు వాటా మీదే ఆ వీలునామా పనిచేస్తుంది. మీ పావు, అక్క పావు ఆమెవి కావు.

గజాల్లో చెబితే ఇంకా తేలికగా అర్థమవుతుంది. 5 సెంట్లంటే 242 గజాలు. వీలునామా పూర్తిగా నిలిచినా మీకు 60న్నర గజాల విలువ, అక్కకు అంతే. వీలునామా చెల్లకపోతే అమ్మగారి పావు 15వ సెక్షన్ కింద ముగ్గురు పిల్లలకూ పోయి, ఒక్కొక్కరికి మూడో వంతు, అంటే 80 గజాల పైచిలుకు వస్తుంది. అంటే వీలునామా మీద మీరు చేయబోయే యుద్ధమంతా మనిషికి 20 గజాల కోసం. చేయాలా వద్దా అన్నది తరువాత ఆలోచించవచ్చు. భయపడవలసినంతటిది మాత్రం కాదు.

ఇక పిత్రార్జితమన్న మాట. ఇది అన్నయ్యగారికి ఎవరో సగం తెలిసినవారు చెప్పి ఉంటారు. 1985 సెప్టెంబరు 5 అన్న తారీఖు ఊళ్లలో బాగా నాటుకుపోయింది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చి, 29-ఎ సెక్షన్ కింద ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది; దేశమంతా అటువంటి హక్కు రావడానికి మరో 20 ఏళ్లు పట్టింది. అయితే ఆ తారీఖుకు ముందే పెళ్లయినవారిని అది వదిలేసింది. మీ అక్కగారిని అన్నయ్య దానిలో ఇరికిస్తున్నారు. కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి అన్న మాటే లేదు. ఎప్పుడు పెళ్లయినా కూతురు కూతురే. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న పాత తగాదాను కూడా తీర్చివేసింది. మీ నాన్నగారు 2011 వరకు ఉన్నారు కాబట్టి ఆ తగాదా మీకు అసలే లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకమో, కోర్టు డిక్రీయో ఉంటే తప్ప ఆ సవరణను ఎవరూ దాటలేరు.

పైగా, అన్నయ్యగారు పిత్రార్జితమని గెలిస్తే ఆయనే నష్టపోతారు. ఇల్లు ఉమ్మడి ఆస్తి అనుకుందాం. నాన్నగారు పోయిన రోజున ఊహలో ఒక పంపకం చేస్తే నాన్నగారు, అన్నయ్య, అక్క, మీరు తలా పావు తీసుకుంటారు. మన దక్షిణాదిలో తండ్రీబిడ్డల పంపకంలో తల్లికి విడిగా వాటా పెట్టే ఆచారం ఏనాడో పోయింది. నాన్నగారి పావు మళ్లీ అమ్మగారికి, ముగ్గురు పిల్లలకు నాలుగు ముక్కలవుతుంది. అప్పుడు అమ్మగారి చేతిలో ఉన్నది పదహారో వంతు, అంటే 15 గజాల పైన కొంచెం. పిల్లలు ఒక్కొక్కరికి పదహారులో ఐదు వంతులు, 75 గజాల పైమాట. ఇల్లు నాన్నగారి స్వార్జితమని ఒప్పుకుంటే, వీలునామా నిలిచిన పక్షంలో, అన్నయ్యకూ ఆయన కొడుక్కూ కలిపి 121 గజాలు వస్తాయి. పిత్రార్జితమని వాదించి గెలిస్తే 90 ముప్పావు గజాలకు పడిపోతారు. ఈ లెక్క ఆయన వకీలు ఇప్పటికే వేసి ఉంటాడని నా అనుమానం. దావా జవాబులో ఆ వాదన కనిపించకపోయినా ఆశ్చర్యపోకండి.

నా మటుకు నాకు ఇది స్వార్జితంగానే కనిపిస్తోంది. తాతగారు 1956 చట్టం వచ్చాక పోయారు. ఆ పొలం ఆయన సొంతమై ఉంటే, 8వ సెక్షన్ కింద మీ నాన్నగారికి వచ్చినది ఆయన సొంత ఆస్తే అవుతుంది తప్ప అన్నయ్యకు దానిలో పుట్టుకతో హక్కు రాదని 1986లో చందర్ సేన్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పొలం తాతగారికి ఆయన పెద్దల నుంచి వచ్చి ఉంటే లెక్క వేరు. అప్పుడు కూడా ఆ పొలం సొమ్మే స్థలంలో పడిందని రుజువు చేయవలసిన భారం ఉమ్మడి అన్నవారి మీదే ఉంటుంది. డాబా అంటారా, జీతం మీద అప్పు తెచ్చి కట్టినది.

పసుపు కుంకుమల సంగతికి వస్తే, పెళ్లిలో పెట్టినది పెట్టినదే. దాని వల్ల చట్టం ఇచ్చిన వారసత్వం రద్దు కాదు. పెద్దమనుషుల పంచాయితీలో ఈ మాటకు ఉన్న బరువు కోర్టులో లేదు.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. నాన్నగారు పోయి 12 ఏళ్లు దాటింది కాబట్టి, ఇన్నాళ్లూ తానొక్కడినే అనుభవించాను, మీ హక్కు పోయింది అని అన్నయ్య తరఫున తప్పక వాదిస్తారు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి తరఫునా స్వాధీనమే. నీకిక్కడ ఏమీ లేదు పొమ్మని ముఖాన చెప్పి, తెలిసేటట్లుగా గెంటివేస్తే అప్పటి నుంచే ఆ 12 ఏళ్లు నడుస్తాయి. అమ్మగారు 2023 వరకు ఆ ఇంట్లోనే ఉన్నారు, మీరు పండుగలకు వెళ్లివచ్చారు. అది చాలు. కానీ పోయిన నెల అన్నయ్య మీకు లేదని చెప్పిన తారీఖు రాసి పెట్టుకోండి.

అలాగే పాత చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉండేది. ఇంటివారు కాపురమున్న ఇంటిని మగ వారసులు పంచుకోవాలనుకునే దాకా ఆడపిల్లలు పంపకం అడగరాదని. 2005లో దాన్ని తీసేశారు. ఇంకా కొందరు అది ఉందనుకుని సలహాలు ఇస్తుంటారు, వినకండి.

తక్షణం చేయవలసింది, అన్నయ్యగారికీ ఆ బిల్డరుకూ లాయరు నోటీసు పంపడం. వారసుల తగాదా ఉందని తెలిసిన స్థలంలో పునాది తీయడానికి తెలివైన బిల్డరు ఎవడూ ముందుకు రాడు, బ్యాంకు కూడా అప్పు ఇవ్వదు. దావా వేయవలసి వస్తే భాగపరిష్కారానికి, అంటే వాటాలు పంచి ఇమ్మని వేసి, దానితోపాటే ఇల్లు పడగొట్టకుండా, అన్యాక్రాంతం చేయకుండా ఇంజంక్షన్ అడగాలి. దావా నడుస్తుండగా ఎవరికి రాసిచ్చినా ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు తీర్పుకు లోబడవలసిందే.


జవాబు: దస్తావేజుల మనిషి

నేను రిజిస్ట్రేషన్ శాఖలో 31 ఏళ్లు పనిచేసి దిగిపోయాను. వకీలుగారు చెప్పిన లెక్కలో నేను వేలు పెట్టను. కాగితాల గురించి మాత్రం చెబుతాను.

2012లో మీరు సంతకం చేసిన కాగితం నకలు ముందు సంపాదించండి. స్థిరాస్తిలో హక్కు వదులుకునే దస్తావేజు 100 రూపాయల విలువ దాటితే రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టరు కావలసిందే. కాని పక్షంలో 49వ సెక్షన్ అడ్డం వస్తుంది, దాన్ని హక్కుకు రుజువుగా తీసుకోరు. అయితే ఒక మెలిక ఉంది. ఇంటివాళ్లందరూ ముందే నోటిమాటగా సర్దుబాటు చేసుకుని, జరిగినదాన్ని జ్ఞాపకం కోసం తరువాత రాసుకున్న కాగితమైతే దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని కోర్టులు ఒప్పుకుంటాయి. అందుకని అనుభవం ఉన్న లేఖరి "ఇందుమూలముగా వదులుకొనుచున్నాము" అని రాయడు. "ఇదివరకే వదులుకొని యున్నాము" అని రాస్తాడు. ఆ ఒక్క క్రియాపదం మీద ఎన్నో దావాలు తిరిగాయి. మీ కాగితంలో ఏ మాట ఉందో చూడండి. వట్టి పన్ను పేరు మార్పు గురించి ఉంటే అది మున్సిపాలిటీకి పనికొచ్చే కాగితమే. పన్ను ఎవరి పేరున వస్తుందన్నది ఇల్లు ఎవరిదో చెప్పదు.

వీలునామా నకలు తీసుకోవడానికి అన్నయ్యను బతిమాలనక్కరలేదు. రిజిస్టరైన వీలునామాలు మూడో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. రాసినవారు బతికి ఉండగా వారికి తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం జతచేసి అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీస్తే వీలునామా కనిపించలేదేమని కంగారు పడవద్దు, అది ఈసీలోకి రాదు. ఇంకొకటి, కంప్యూటరులో దొరికే ఈసీ 1983 నుంచే ఉంటుంది. నాన్నగారి 1978 దస్తావేజు కోసం పాత సంపుటాలు వెతికించవలసి వస్తుంది. దస్తావేజు నంబరు ఇంట్లో ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి, లేకపోతే నాన్నగారి పేరు, సంవత్సరం ఇచ్చి సూచిక పుస్తకాలు తిప్పించాలి.

పక్షవాతం వచ్చిన మనిషి ఎడమ బొటనవేలు ముద్ర వేయడం, రిజిస్ట్రారు ఇంటికి రావడం, ఈ రెండూ అనుమానించవలసినవి కావు. మంచానపడినవారి కోసం ఇంటికి వెళ్లడానికి చట్టంలోనే వీలుంది, నేనే ఎన్నోసార్లు వెళ్లాను. మంచం పక్కన కూర్చుని "ఏమి రాయించారమ్మా, ఎవరికి రాయించారు" అని అడిగితే కొందరు గడగడా చెబుతారు. కొందరు కొడుకు ముఖం వైపు చూస్తారు. రెండో రకం ఎదురైతే నేను కాసేపు అందరినీ బయటికి పంపేవాడిని. అందరూ అలా చేస్తారని చెప్పలేను.

రిజిస్టరయినంత మాత్రాన వీలునామా నిజమైపోదు, రిజిస్టరు కానంత మాత్రాన చెల్లకపోదు. ఇద్దరు సాక్షులు రాసినవారి ఎదుట సంతకం చేసి ఉండాలి. కోర్టులో ఆ ఇద్దరిలో ఒక్కరైనా వచ్చి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో అది 68వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 67. సాక్షులు ఎవరు, వాళ్లు అన్నయ్యకు ఏమవుతారు, రాయించడానికి లేఖరిని తెచ్చింది ఎవరు, ఆడపిల్లలకు ఎందుకు ఇవ్వడం లేదో ఒక్క ముక్కయినా రాశారా, ఇవి చూడండి. లాభపడేవాడే దగ్గరుండి రాయించిన వీలునామాలో, అనుమానాలు తీర్చవలసిన భారం వాడిదే.


జవాబు: ఇంటి పెద్దకొడుకు

నన్ను తిట్టుకున్నా సరే, రెండో వైపు మాట కూడా ఒకరు చెప్పాలి. నేను మీ అన్నయ్య స్థానంలో ఉండి వచ్చినవాడిని. మా నాన్నగారికి నాలుగేళ్లు డయాలిసిస్ చేయించాను. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఆటోలో తీసుకువెళ్లి, మధ్యాహ్నం తీసుకువచ్చేవాణ్ణి. చెల్లెళ్లు ఫోన్లు చేసేవారు, పండుగలకు వచ్చేవారు. ఆయన పోయిన ఏడాదికి వాటా అడిగితే నాకు కాలిపోయింది. వాళ్ల హక్కు వాళ్లు అడిగారని ఇప్పుడు తెలుస్తున్నది గానీ, ఆ రోజున నేనూ మీ అన్నయ్యలాగే నోటికొచ్చిన చట్టాలన్నీ చెప్పాను.

దావా వేశారు. ప్రాథమిక డిక్రీ వచ్చేసరికి ఏడేళ్లు పట్టింది. అందులో ఎవరికి ఎంత వాటా అన్నదే తేలుతుంది. ఏ గోడ ఎవరిదో తేలాలంటే తుది డిక్రీకి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. దానికి కోర్టు పంపిన అడ్వొకేట్ కమిషనరు వచ్చాడు. మాది ఒకే మెట్ల దారి, ఒకే బోరు. ఆయన టేపు పట్టి కొలిచి, సుద్దముక్కతో గీత గీస్తే అది సరిగ్గా అమ్మ పూజగది మధ్య నుంచి, దీపం గూటి కింద నుంచి పోయింది. మా చిన్న చెల్లెలు ఆ గీత చూసి అక్కడే కూలబడిపోయింది. చివరికి ఇల్లు పంచడానికి వీలుకాదని కమిషనరు నివేదిక ఇచ్చాడు, 1893 నాటి పంపకాల చట్టం కింద అమ్మి డబ్బు పంచారు. కొన్నవాడు మా ముగ్గురిలో ఎవరూ కాదు.

పై అంతస్తు మాట తేల్చకుండా మీ అన్నయ్య మెత్తబడడు. 2016లో ఎంత పెట్టాడో బిల్లులు అడగండి. అప్పటి నుంచి వచ్చిన అద్దె ఒకవైపు, ఆ కట్టుబడి, అమ్మ మందుల ఖర్చు ఒకవైపు వేసి, ఆ లెక్కను మీరే ముందుగా ఒప్పుకోండి. నా చెల్లెళ్లు ఆ ఒక్క మాట అని ఉంటే నేను మొదటి ఏడాదే సంతకం పెట్టేవాణ్ణి.


జవాబు: గుంటూరు వకీలు

పెద్దకొడుకుగారు చెప్పినది నేను వందసార్లు చూశాను. పై అంతస్తు సొంత డబ్బుతో వేసినంత మాత్రాన కింద స్థలం మీద వాటా పెరగదు, కానీ పంపకంలో వీలైతే ఆ భాగం ఆయనకే పడేటట్లు కోర్టు చూస్తుంది, లెక్కల్లో సర్దుబాటూ చేస్తుంది. అద్దెలో మీ వాటా అడిగే హక్కు మీకూ ఉంది. రెండూ ఎదురెదురు కొట్టివేయడం తెలివైన పని.

దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, లేదా మీ ఊళ్లోని మండల కమిటీకి అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపించవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. రాజీ కుదిరితే అక్కడ ఇచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అన్నయ్యకు కూడా ఇది లాభమే, ఎందుకంటే మీ సంతకాలు లేకుండా ఏ బిల్డరూ ఆయనతో నిజంగా ముందుకు పోలేడు. ఇల్లు అపార్ట్‌మెంటుకే ఇవ్వాలనుకుంటే, ముగ్గురూ కలిసి ఒప్పందంలో సంతకం చేసి, యజమానులకు వచ్చే ఫ్లాట్లు వాటాల ప్రకారం పంచుకోవడం కూడా ఒక దారి. ఇంటిని గీత గీసి కోయడం కన్నా అదే మేలనుకుంటాను.


జవాబు: టెక్సాస్ తెలుగు

అక్కగారు డల్లాస్‌లో ఉన్నారన్నారు కాబట్టి ఒక మాట. భాగపరిష్కార దావాలో వాటాదారులందరూ ఉండి తీరాలి. ఆవిడ వాదిగా చేరకపోతే ప్రతివాదిగానైనా చేర్చాలి, వదిలేస్తే దావా నిలవదు. ఆవిడ రాలేకపోతే పవరాఫ్ అటార్నీ పంపవచ్చు. డల్లాస్‌వారికి హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటు వర్తిస్తుంది. అక్కడ ధ్రువీకరణ చేయించిన కాగితం ఇండియా చేరిన 3 నెలల లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించుకోవాలి. నేను ఆ గడువు నాలుగు రోజులు దాటించి, కాగితం మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయించవలసి వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, ఆ పవరు దావా నడపడానికీ, రాజీకి సంతకం చేయడానికీ మాత్రమే ఇవ్వమనండి. అమ్మే అధికారం అందులో కలపవద్దు, చెల్లెలికైనా సరే. అమెరికా పౌరసత్వం తీసుకున్నా వారసత్వ హక్కు పోదు.


ప్రశ్న అడిగినవారు: తెనాలి ఆడపడుచు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి, కాగితాల వెనక తిరుగుతూ ఉన్నాను.

2012 కాగితం నకలు మున్సిపాలిటీలో దొరికింది. "పై ఇంటికి సంబంధించిన పన్ను మా సోదరుని పేర మార్చుటకు మాకెట్టి అభ్యంతరము లేదు" అని ఉంది, అంతే. వాటా అన్న మాటే లేదు. కింద నా సంతకం, అక్క సంతకం, ఎవరో ఇద్దరి సాక్షి సంతకాలు ఉన్నాయి.

వీలునామా నకలు కూడా వచ్చింది. అందులో అమ్మ, ఇల్లు "నా స్వార్జితమైన ఆస్తి" అని చెప్పినట్లుగా రాసి ఉంది. అమ్మ జీవితంలో ఒక్క రూపాయి సంపాదించలేదు, నాన్నగారి పేరు ఆ కాగితంలో భర్త పేరుగా తప్ప ఎక్కడా లేదు. సాక్షుల్లో ఒకరు అన్నయ్య వ్యాపారంలో భాగస్వామి. కింద వేలిముద్ర ఉంది. కానీ అదే 2021 నవంబరులో, అమ్మ కుటుంబ పింఛను కోసం ఇచ్చిన జీవన ధ్రువపత్రం కాగితం నా దగ్గర ఉంది. దాని మీద ఎడమ చేత్తో వంకరటింకరగా తన పేరు మూడక్షరాలూ రాసింది. నేనే పలక పట్టుకుని నేర్పించాను; వేలిముద్ర వేయమంటే ఊరుకునేది కాదు, మాస్టారి భార్యను, నేను వేలిముద్ర వేస్తానా అనేది.

ఇదంతా అన్నయ్య ముఖాన పెట్టి అడగాలనిపించింది. పెద్దకొడుకుగారి మాట గుర్తొచ్చి ఆగాను. వదినకు ఫోను చేసి, పై అంతస్తు ఖర్చు, అమ్మ ఆసుపత్రి బిల్లులు రాసి ఉంచమని, అవి మేము ఒప్పుకుంటామని చెప్పాను. వదిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మీ అన్నయ్యతో చెబుతాను" అంది. నిన్న అన్నయ్యే ఫోను చేసి, లోక్ అదాలత్‌కయితే వస్తానన్నాడు. వీలునామా సంగతి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. నోటీసు పంపడం ఇప్పుడు ఆపమంటారా?


జవాబు: గుంటూరు వకీలు

ఆపవద్దమ్మా. అన్నయ్యకు పంపే నోటీసును అర్జీగా మార్చి న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వండి; బిల్డరుకు మాత్రం నోటీసు వెళ్లి తీరాలి, పోస్టులో, అందినట్లు రసీదుతో. రాజీ మాటలు నడుస్తుండగా ఎవరైనా తొందరపడి ఒప్పందం రిజిస్టరు చేయించుకుంటే తరువాత విడదీయడం కష్టం. ఆ సంగతి అన్నయ్యకు మీరే ముందుగా చెప్పి పంపండి, చాటుగా పంపినట్లు ఉండదు.

పింఛను కాగితం అసలును ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచండి, నకళ్లు మాత్రమే బయటికి తీయండి. వీలునామాలో స్వార్జితమన్న మాట గురించి అవసరం వచ్చే దాకా ఎత్తకండి. రాజీ కుదిరితే ఎత్తవలసిన పనే ఉండదు.

అర్జీలో ఆస్తి వివరం రాసేటప్పుడు హద్దులు 1978 దస్తావేజులో ఉన్నట్లే ముందు రాసి, ఇప్పుడు ఎలా ఉన్నాయో ఆ పక్కనే రాయించండి. ఆ రోజుల్లో తూర్పు హద్దు కాలువగట్టు అని రాసి ఉంటే, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు ఉండవచ్చు. రెండూ లేకపోతే, రేపు అవార్డు రిజిస్టరు చేయించుకోవడానికి వెళ్లినప్పుడు అది ఈ ఇల్లేనా అని అడుగుతారు.